వెనుకబాటు ఎవరి పేరు మీద రిజిస్టరైంది?

'వెనుకబడిన ప్రాంతం' అన్న మాటలో కర్త కనపడడు. 'పడు' అన్న క్రియలో ఉన్న సౌకర్యమే అది. ఎవరు తోసినా పడింది మాత్రం పడ్డవాడే. తెలంగాణ ఉద్యమం ఈ వ్యాకరణాన్ని గట్టిగానే పట్టుకుంది. మేం వెనుకబడలేదు, మమ్మల్ని వెనక్కి నెట్టారు అని ఊరూరా చెప్పింది. ఆ ఒక్క సవరణ చుట్టూ ఎన్నో వ్యాసాలు, పాటలు, ధూంధాంలు నడిచాయి. రాష్ట్రం వచ్చింది. సర్కారు కాగితాల్లో మాట మాత్రం అట్లనే ఉంది. మన సమీక్షల్లోనూ అట్లనే ఉంది.

ఉత్తర తెలంగాణ నుంచి ఒక కథల పుస్తకం వస్తే చాలు, దాని మీద రాసే సమీక్ష 'మారుమూల వెనుకబడిన ప్రాంతం నుంచి వచ్చిన గొంతు' అంటూ మొదలవుతుంది. మాది హుజూరాబాద్. అది ఏ మూలా కాదు. కరీంనగర్ నుంచి వరంగల్ పోయే పెద్ద రోడ్డు ఊరి మధ్యలోంచే పోతుంది. పక్కన జమ్మికుంటలో రైల్వే స్టేషన్ ఉంది, పేరున్న పత్తి మార్కెట్ ఉంది. చుట్టుపక్కల పొలాల్లో పండిన హైబ్రిడ్ వరి విత్తనం ఎక్కడెక్కడికో పోతుంది. దేశానికి ప్రధానమంత్రి అయిన పీవీ వంగర ఇక్కడికి ఎంతో దూరం కాదు. ఇంత చెప్పినా 'మారుమూల' అంటారు, ఎందుకంటే ఆ మాట పుస్తకానికి విలువ పెంచుతుంది. అదే మాట అక్కడ ఇల్లున్నవాడికి ఏం చేస్తుందో ఎవరూ అడగరు.

అతను అడిగితే మనకు చిరాకు. 'మా ఊరిని వెనుకబడింది అనకండి సారూ, ప్లాటు రేటు పడిపోతది' అని ఎవరైనా అంటే దాన్ని రియల్ ఎస్టేట్ బుద్ధి అని కొట్టిపారేస్తాం. నగరంలో ఫ్లాట్ కొనేముందు మెట్రో ఎంత దూరం, ఐదేళ్లలో ఎంత పెరుగుతుంది అని ఎక్సెల్ షీట్ వేసేది కూడా మనమే. మన షీటుకి ప్లానింగ్ అని పేరు, అతని బాధకి బుద్ధి అని పేరు. ఈ వ్యాసం ఆ తేడా మీదే.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఒక ప్రాంతం మీద ప్రభుత్వం పేదరికపు ముద్ర వేసినప్పుడు దాని లాభం ఎక్కడో తేలుతుంది. ఖర్చు మాత్రం ఒక్క ఇల్లు తప్ప ఇంకో ఆస్తి లేనివాడు కడతాడు.

ముందు జాబితా సంగతి చూద్దాం. 2006-07లో కేంద్రం వెనుకబడిన ప్రాంతాల గ్రాంటు నిధి మొదలుపెట్టింది. బీఆర్‌జీఎఫ్ అనేవాళ్లు. దేశం మొత్తంలో 250 జిల్లాలు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి 13. అందులో కరీంనగర్ ఉంది, ఆదిలాబాద్ ఉంది, వరంగల్ ఉంది. రంగారెడ్డి కూడా ఉంది! హైదరాబాద్ ఒక్కటి తప్ప తెలంగాణలో అప్పుడున్న జిల్లాలన్నీ ఉన్నాయి.

రంగారెడ్డి అంటే గచ్చిబౌలి, కోకాపేట. ఆ 2006లోనే హుడా వేలంలో కోకాపేట ఎకరం రెండంకెల కోట్లు పలికింది. 2023 ఆగస్టులో అదే కోకాపేటలో ఒక ఎకరం 100 కోట్లు దాటింది. నాలాంటివాళ్లం లాప్‌టాప్ బ్యాగు వేసుకుని పొద్దున్నే పరుగెత్తే అద్దాల మేడలు ఆ 'వెనుకబడిన' జిల్లాలోనే లేచాయి. ముద్ర పడ్డందుకు కోకాపేట ధర పడిపోలేదు. అక్కడ ఎవ్వరూ ఆ ముద్రని పట్టించుకోలేదు, అసలు అది ఉన్నట్టే చాలామందికి తెలియదు.

కాబట్టి 'ముద్ర పడితే రేటు పడుతుంది' అన్న భయం అట్లా చెప్తే తప్పే. కానీ 'ముద్ర పడితే బాగుపడతాం' అన్న నమ్మకం అంతకంటే పెద్ద తప్పు. లెక్క చూడండి. బీఆర్‌జీఎఫ్ కింద జిల్లాకు ఖాయంగా వచ్చే కనీస అభివృద్ధి గ్రాంటు ఏడాదికి 10 కోట్లు. జనాభా, విస్తీర్ణం లెక్కన దానిపైన మరికొంత. 2011 జనగణనలో ఉమ్మడి కరీంనగర్ జనాభా 37 లక్షల 76 వేలు. ఆ 10 కోట్లని పంచితే తలకు 27 రూపాయలకు లోపే. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణలోని 9 వెనుకబడిన జిల్లాలకు కలిపి ఏడాదికి 450 కోట్ల ప్రత్యేక సాయం అన్నారు. జిల్లాకు సగటున 50 కోట్లు, కరీంనగర్‌లో తలకు నూట ముప్పై రూపాయల చిల్లర. ఆ 9 జిల్లాల్లోనూ రంగారెడ్డి ఉంది.

పన్ను రాయితీ కథ ఇంకా బాగుంటుంది. విభజన చట్టంలోని హామీ ప్రకారం వెనుకబడిన ప్రాంతాల్లో కొత్త ఫ్యాక్టరీ పెట్టి యంత్రాలు కొన్నవాళ్లకి 2015 ఏప్రిల్ నుంచి 2020 మార్చి వరకు ఆదాయపన్నులో అదనపు తరుగుదల, పెట్టుబడి మీద తగ్గింపు ఇచ్చారు. తెలంగాణలో ఇదీ హైదరాబాద్ తప్ప మిగతా 9 జిల్లాలకూ ఒకే తీరుగా వర్తించింది. ఇప్పుడు చెప్పండి, శంషాబాద్ ఎయిర్‌పోర్టు పక్కన పెట్టినా ఆదిలాబాద్‌లో పెట్టినా ఒకటే రాయితీ అయితే, ఆదిలాబాద్ ఎవరు పోతారు? వెనుకబాటు పేరు ఆదిలాబాద్‌ది, దాని పేరు మీద పుట్టిన రాయితీ తీసుకునే వీలు ఔటర్ రింగు రోడ్డుది. ముద్ర లాభం ఎక్కడో తేలుతుందని నేనంటున్నది దీన్నే.

ఇదే 13 జిల్లాల్లో ఒక మంచి పని కూడా జరిగింది. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ మొదటి విడతగా వచ్చింది ఈ జిల్లాలకే. అక్కడ ముద్ర మనిషి చేతికి పని ఇచ్చింది, అడిగే హక్కు ఇచ్చింది. రెండేళ్లకి పథకం దేశమంతటికీ వచ్చింది, అంటే ముద్రతో పనిలేకుండా పోయింది. ముద్ర ఎట్లా ఉండాలో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు. ఇచ్చేది చట్టంలో రాసి ఉండాలి, ఇచ్చాక ముద్ర చెరిగిపోవాలి.

*

జిల్లాల జాబితా కేవలం పేరు. ఇల్లున్నవాడి మీద అసలు దెబ్బ వేసే ముద్ర వేరే ఉంది. అది జిల్లా మీద పడదు, పాసుబుక్కు మీద, పట్టా కాగితం మీద పడుతుంది. మా దిక్కు దాన్ని లావణి పట్టా అంటారు. భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన స్థలం. సాగు భూమి కావచ్చు, ఇంటి జాగా కావచ్చు. 1977 నాటి 9వ నంబరు చట్టం ప్రకారం దాన్ని అమ్మరాదు, కొనరాదు. అమ్మితే ఆ అమ్మకం చెల్లదు, తహసీల్దారు వెనక్కి తీసుకోవచ్చు. 2007 తర్వాత రిజిస్ట్రేషన్ చట్టంలో 22-ఏ సెక్షన్ వచ్చాక ఇట్లాంటివన్నీ నిషేధిత జాబితాలోకి ఎక్కాయి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కంప్యూటర్ ఆ సర్వే నంబరు కొట్టగానే ఆగిపోతుంది.

పేదవాడి భూమిని డబ్బున్నవాడు గుంజుకోకుండా ఉండాలని పెట్టిన చట్టమిది. ఉద్దేశం మంచిదే. ఆ ఉద్దేశం ఇంటి జాగా దగ్గరికి వచ్చేసరికి ఏమైందో చూద్దాం.

మా బంధువుల్లో ఒకావిడ ఉంది. ఎనభై గజాల లావణి పట్టా జాగాలో రెండు గదుల ఇల్లు. ముప్పై ఏళ్లుగా ఇంటి పన్ను కడుతున్నది, కరెంటు మీటరుంది, నల్లా ఉంది. భర్తకి గుండె ఆపరేషన్ అవసరమైనప్పుడు ఇల్లు కుదువపెట్టి అప్పు తీసుకుందామని ఒక బ్యాంకుకి పోయింది. మేనేజరు కాగితం చూసి, 'ఇది లావణి పట్టా కదమ్మా, దీని మీద మేం ఇయ్యం' అన్నాడు. విచిత్రం ఏమిటంటే ఆ 1977 చట్టంలోనే 6వ సెక్షన్‌లో బ్యాంకులకీ సహకార సంఘాలకీ కుదువపెట్టిన భూములకు మినహాయింపు ఉంది. చట్టం ఇచ్చిన వెసులుబాటు కౌంటర్ దగ్గరికి చేరలేదు. చివరికి ఆ ఇల్లు అమ్మింది. తెల్లకాగితం మీద రాసుకుని, ఇద్దరు సాక్షుల సంతకాలతో, పక్క వీధిలో అంతే గజాల పట్టా ప్లాటు పలికే ధరకంటే బాగా తక్కువకు. కొన్నతనికి ఊళ్లో పలుకుబడి ఉంది. ఆయన్ను ఖాళీ చేయించే ధైర్యం ఏ ఆఫీసుకీ లేదు.

ఇప్పుడు ఆ చట్టం ఎవరిని కాపాడింది? 'హక్కు ఇస్తే అమ్ముకుంటారు, మళ్లీ వీధిన పడతారు' అని పెద్దమనుషులు అంటుంటారు. అమ్ముకుంటూనే ఉన్నారు. నిషేధం అమ్మకాన్ని ఆపలేదు, ధరని మాత్రమే కోసింది. ఆ కోసిన ముక్క గాలికి పోలేదు, చట్టాన్ని లెక్కచేయనక్కర్లేని కొనుగోలుదారు జేబులోకి పోయింది. పేదవాడి పేరు మీద పెట్టిన నియమం బలవంతుడికి డిస్కౌంటు కూపన్ అయింది.

ఇక ప్రభుత్వానికే ఆ భూమి కావలసి వస్తే? చాలాకాలం పాటు సర్కారు వాదన ఏమిటంటే, లావణి భూమి మాదే కదా, వెనక్కి తీసుకుంటాం, ఏదో ఎక్స్‌గ్రేషియా ఇస్తాం అని. 2004లో మేకల పాండు కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం ఈ వాదనని కొట్టేసింది. ప్రజా అవసరానికి తీసుకుంటే అసైనీలకి కూడా పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలంది. ఆ కేసు వచ్చింది చేవెళ్ల డివిజన్ నుంచి, మళ్లీ రంగారెడ్డి జిల్లా. అంటే ప్రభుత్వం కొంటే ఆ భూమికి పూర్తి విలువ ఉంది. పేదవాడే అమ్ముకోబోతే విలువ లేదు. ఈ రెండూ ఒకే కాగితం మీద ఎట్లా నిలబడతాయో ఎవరైనా చెప్పాలి.

పక్కన ఆంధ్రప్రదేశ్‌లో 2019 సవరణతో ఇళ్ల స్థలాలని 20 ఏళ్ల తర్వాత అమ్ముకునే వీలు పెట్టారు, తర్వాత ఆ గడువు ఇంకా తగ్గించారు. దాని అమలు మీద వంద ఫిర్యాదులు ఉండొచ్చు. అయినా ఒక సూత్రం ఒప్పుకున్నట్టయింది. పేదరికపు ముద్రకి గడువు ఉంటుందని.

*

ఇక్కడ నన్ను ఒకరు ఆపి అడగాలి. అట్లయితే 1/70 కూడా ఎత్తేయాలంటావా?

అననుగాక అనను. ఏజెన్సీలో స్థిరాస్తిని ఆదివాసీలు కానివారికి బదిలీ చేయకుండా ఆపే 1959 నియమాన్ని 1963లో తెలంగాణకి విస్తరించారు, 1970లో గట్టిపరిచారు. అప్పటినుంచి ఆదివాసేతరుడు ఇంకో ఆదివాసేతరుడికి అమ్మినా చెల్లదు. ఆదివాసేతరుడి చేతిలో ఉన్న భూమి, వేరేలా రుజువయ్యేదాకా, ఆదివాసీ నుంచి వచ్చిందే అని చట్టం అనుకుంటుంది. ఇది ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో ఎవరో కుర్చీలో కూర్చుని దయతో వేసిన ముద్ర కాదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణమిచ్చాక మొదలై, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పుల దాకా నడిచిన పోరాటపు నేల అది. అక్కడ భూమికి మార్కెట్ ధర తక్కువ అనేది ఫిర్యాదు కాదు. భూమి చేజారకుండా ఉండటం కోసం జనం కోరుకుని ఎంచుకున్న ఖరీదు.

అయినా అక్కడ కూడా ఖర్చు ఎవరు కడుతున్నారో చూడక తప్పదు. మందమర్రి బొగ్గు ఊరు. షెడ్యూల్డ్ ఏరియా చిక్కుతో మున్సిపల్ ఎన్నికలే ఏళ్లకేళ్లు ఆగిన ఊరు. అట్లాంటి చోట జీవితమంతా బాయిలో పనిచేసి రిటైరైన కార్మికుడు కట్టుకున్న ఇంటికి రిజిస్ట్రేషన్ ఉండదు. ఆదివాసీ కుటుంబానికి కూడా బ్యాంకు అప్పు ఇవ్వడానికి వెనకాడుతుంది, ఎందుకంటే వేలం వేస్తే కొనే అర్హత కొద్దిమందికే ఉంటుంది. చట్టం ఉండాలి. చట్టం వల్ల ఇల్లున్నవాడికి తగ్గిన అప్పు పుట్టుకని ప్రభుత్వమే హామీ నిధితో పూడ్చాలి. రక్షణ సమాజానికి కావాలంటే దాని బిల్లు కూడా సమాజమే కట్టాలి, రక్షణ పొందేవాడి చేతికి బిల్లిచ్చి పోవడం న్యాయం కాదు.

2018లో నీతి ఆయోగ్ 'వెనుకబడిన' అన్న మాట తీసేసి 'ఆకాంక్షిత జిల్లాలు' అని పేరు మార్చింది. తెలంగాణ నుంచి కొమురం భీం ఆసిఫాబాద్, జయశంకర్ భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం ఉన్నాయి. 49 సూచికలు, నెలనెలా ర్యాంకులు. మాట మారినందుకు నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ సూచికల్లో ఆరోగ్యం, చదువు, సాగు, రోడ్లు, బ్యాంకు ఖాతాలు కొలుస్తారు. ఇల్లున్నవాడి చేతిలో చెల్లే కాగితం ఉందా అన్నది కొలవరు. ఆకాంక్ష అంటే ఏమిటో ఆసిఫాబాద్‌లో ఎవర్నైనా అడగండి, సొంత పేరు మీద చెల్లే కాగితం అని చెప్పేవాళ్లు తక్కువేం ఉండరు.

హుజూరాబాద్‌కి ముద్రలు మరో రూపంలో వచ్చాయి. పేరు 'పైలట్'. 2018 మే 10న రైతుబంధు మొదలైంది మా మండలంలోని శాలపల్లి-ఇందిరానగర్‌లో. మూడేళ్ల తర్వాత, 2021 ఆగస్టు 16న, ఉప ఎన్నిక ముంగిట్లో, దళితబంధు సభ జరిగిందీ అక్కడే. రైతుబంధు పట్టాదారు పాసుబుక్కు వెంట పోయింది, మొదట్లో ఎకరానికి సీజనుకు 4 వేలు. కౌలుకి చేసేవాడికి ఏమీ రాలేదు. ఏటా ఎకరానికి ఇంత అని వచ్చే డబ్బు భూమి ధరలోకి ఎక్కుతుంది, ఎక్కాక కౌలు కూడా పెరుగుతుంది. భూమి ఉన్నవాడికి రెండు లాభాలు, లేనివాడికి రెండు నష్టాలు. దళితబంధు ఇందుకు పూర్తిగా వేరు, అది కుటుంబానికి 10 లక్షలు ఇస్తానంది, భూమితో సంబంధం పెట్టలేదు. ఆ విషయంలో దానికి నా దండం. కానీ గీత గీసింది నియోజకవర్గం చుట్టూ. గీత దాటితే శంకరపట్నం, అది మానకొండూరు నియోజకవర్గం. పేదరికం ఆ పొలిమేర దగ్గర ఆగిందా? కమలాపూర్ వాళ్లు ఓటు వేసేది హుజూరాబాద్‌కి, 2016 నుంచి వాళ్ల కలెక్టరేట్ ఉండేది హనుమకొండలో. కాబట్టి ఏ గీత ఎప్పుడు లెక్కలోకి వస్తుందన్నది అవసరాన్ని బట్టి మారుతుంది, ఆ అవసరం ఎప్పుడూ గీత లోపల ఉన్నవాడిది కాదు.

ముద్ర అన్నాక మన దగ్గరే ఈ కథ అనుకోవద్దు. 1930ల్లో అమెరికాలో ఇళ్ల రుణాల ప్రభుత్వ సంస్థ ఒకటి నగరాల మ్యాపులు గీసి, నల్లవాళ్లుండే పేటల్ని ఎర్ర రంగుతో 'ప్రమాదకరం' అని గుర్తు పెట్టింది. అక్కడ ఇల్లున్నవాళ్లకి తరాలపాటు అప్పు పుట్టడం కష్టమైంది. 2017లో అదే దేశం అట్లాంటి 8,700కి పైగా ప్రాంతాలని 'అవకాశ మండలాలు' అని పిలిచి, అక్కడ పెట్టుబడి పెట్టేవాళ్లకి పన్ను మినహాయింపు ఇచ్చింది. పెట్టుబడిదారుకి, అక్కడుండే ఇంటి యజమానికి కాదు. డెన్మార్క్ 2010 నుంచి 'ఘెట్టో' జాబితా అచ్చేసింది, 2018లో ఆ పేటల్లో కుటుంబాలుండే సామాజిక గృహాలను 2030 నాటికి 40 శాతానికి తగ్గించాలని చట్టం చేసింది, 2021లో 'ఘెట్టో' అన్న పేరు మాత్రం తీసేసింది. పేరు తీసేయడం ఎంత సులువో, పేరుతో వచ్చిన పనిని తీసేయడం ఎంత కష్టమో అన్ని దేశాల్లోనూ ఒకేలా ఉంది.

మళ్లీ మన లెక్కకి వద్దాం. 2021 నుంచి తెలంగాణలో ఇల్లు కొంటే స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం. కోకాపేటలో అంతే, హుజూరాబాద్‌లో అంతే, ఆసిఫాబాద్‌లో రిజిస్ట్రేషన్ జరిగే చోటా అంతే. గ్రాంటు కోసం వెనుకబడిన జిల్లా, వసూలు కోసం ముందున్న జిల్లా. లేఅవుట్ వేయడానికి, రోడ్లకి ప్లాను గీయడానికి ఏ ఆఫీసూ పట్టించుకోని ఊళ్లో, అప్రూవల్ లేని ప్లాటు కొన్నందుకు ఎల్ఆర్ఎస్ రుసుము కట్టాల్సింది మాత్రం కొన్నవాడే. వెనుకబాటు నిజమే అయితే ఆ రుసుము దగ్గర ఎందుకు గుర్తురాదు?

రేపు ఇంకో జాబితా వస్తుంది. కొత్త పేరుతో, కొత్త లోగోతో వస్తుంది. వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడుగుదాం. ఈ ముద్ర వల్ల అక్కడుండే మనిషి చేతికి చట్టప్రకారం వచ్చేది ఏమిటి? ఆ మనిషి అమ్మే, కొనే, కుదువపెట్టే హక్కులో పోయేది ఏమిటి, దానికి పరిహారం ఎవరిస్తారు? ఏ తేదీన ఈ ముద్ర చెరిగిపోతుంది? మూడింటికీ జవాబు ఉంటే జాబితాలో మా ఊరి పేరు రాయండి, నేనే వచ్చి సంతకం పెడతాను. లేకపోతే రాయకండి.

పుస్తకాల మీద రాసేవాళ్లకి, అంటే నాకూ మీకూ, పని ఇంకా చిన్నది. ఈసారి 'వెనుకబడిన ప్రాంతం' అని టైపు చేసేముందు ఆ వాక్యానికి కర్తని వెతికి పెడదాం. దొరక్కపోతే ఆ ఊరి పేరు రాస్తే చాలు. హుజూరాబాద్ అని రాయడానికి ఏ విశేషణమూ అక్కర్లేదు.